అస్తమయమునకు ముందు కూలి

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14-15, ఆదికాండము 31వ అధ్యాయము, యాకోబు 5:1-6



కూలివాని కూలి ఏనాటిది ఆనాడే, ప్రొద్దు గుంకకముందే చేతిలో పెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము శాసించుచున్నది. అట్లు పెట్టనియెడల వాని మొఱ మనుష్యుల చెవిని పడకపోయినను దేవుని చెవిని పడునని కూడ హెచ్చరించుచున్నది. ఈ ఆజ్ఞ యజమానునికి ఇయ్యబడినది. దాని అర్థమును గూర్చి ఎవరికిని సందేహము లేదు. మేము ఈ నెల ఆలోచింపగోరినది దానికి ఆవలనున్న ప్రశ్న. యజమానుడు ఈ ఆజ్ఞను మీరినప్పుడు పనివాడు ఏమి చేయవలెను? తనకిచ్చిన మాట తప్పినవానికి తాను మాత్రము మాట నిలుపుకొనవలెనా? లేక పనిముట్లు క్రింద పడవేసి ఇంటికి పోవుట అతనికి న్యాయమా?

దీనికి మేము ఎత్తుకొను ఉదాహరణ ఆటస్థలమునకు చెందినది. సంఘ పత్రికలో ఆటల ముచ్చట యేమని మన పెద్దలు కొందరు కనుబొమలు ముడిచెదరేమో. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాయుచు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉదహరించుటకు సంకోచింపలేదు గదా! అదియు గాక, ఈ కథలో ఆట కొంచెము, జీతపు లెక్క ఎక్కువ.

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. కోలగానుండు బంతిని చేత పట్టుకొని, ఎదుటివారిని భుజములతో త్రోసికొనుచు, వారి గీత దాటించుట అందలి ముఖ్యమైన పని. ఎముకలు విరుగు ఆట. 1920లో పుట్టిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆ ఆటకు పెద్దదిక్కు. దానికి పోటీగా గ్యారీ డేవిడ్సన్ అను కాలిఫోర్నియా న్యాయవాది 1973 అక్టోబరులో వరల్డ్ ఫుట్‌బాల్ లీగ్ అను క్రొత్త సంస్థను ప్రకటించెను. పేరు ప్రపంచమంతటిదైనను, తీరా ఆట మొదలగునప్పటికి అందలి 12 జట్లును అమెరికా దేశములోనివే. 1974 జూలై 10న పోటీలు ఆరంభమైనవి. జట్టునకు 20 ఆటలు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి, పూర్తి చేయుటకు సొమ్మున్నదో లేదో లెక్క చూచుకొనడా యని ప్రభువు అడిగెను (లూకా 14:28). ఈ జట్ల యజమానులలో పలువురు ఆ లెక్క చూచుకొనలేదు. చూచుకొని లోకమునకు వేరొక లెక్క చెప్పినవారును కలరు. ఫిలడెల్ఫియా జట్టువారు తమ ఊరిలో జరిగిన మొదటి రెండు ఆటలకు 55,534 మందియు, 64,719 మందియు వచ్చిరని చాటిరి. నగరమునకు పన్ను కట్టవలసి వచ్చినప్పుడు సత్యము బయటపడినది. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవారు మొదటి ఆటకు 13,855 మంది, రెండవదానికి సుమారు 6,200 మంది మాత్రమే. తక్కినవన్నియు ఉచితముగా పంచిన కాగితములు. ఊరిలోని జనసంఖ్యను చూచి బాప్తిస్మముల లెక్క వేయు నివేదికలను చదివి యున్న మనకు ఈ సంగతి మరీ వింతగా తోచదు.

ఆ 12 జట్లలో ఒకటి బర్మింగ్‌హామ్ అమెరికన్స్. అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు కొలుములతో పెరిగిన పట్టణము. ఈ పట్టణపు పేరు క్రైస్తవ లోకమునకు వేరొక విధముగా తెలియును. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ గారు అక్కడి చెరసాలనుండియే సంఘకాపరులకు తన ప్రసిద్ధమైన లేఖ వ్రాసిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 15న ఆదివారపు ఉదయమున అక్కడి బాప్తిస్టు దేవాలయములో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించిరి. అట్టి గాయములు మానని ఊరిలో, నల్లవారును తెల్లవారును ఒకే జట్టులో ఆడుట చూచుటకు 1974లో జనులు వేలకొలది వచ్చిరి. ఈ జట్టునకు ఆదరణ లేదనుటకు వీలు లేదు. లోపమంతయు జమాఖర్చులలోనే యుండెను.

పోటీలు సగము గడచునప్పటికే జీతములు ఆలస్యమగుట మొదలైనది. తరువాత అసలే రాకుండెను. ఆటగాండ్రు అద్దె యిండ్లలో భార్యాబిడ్డలతో నున్నవారు. వారిలో లక్షాధికారులు అరుదు. అయినను ఆడిరి, గెలిచిరి. 20 ఆటలలో 15 గెలిచి, సెమీఫైనలులో హవాయి జట్టును 22-19తో ఓడించి, తుది పోటీకి చేరిరి.

తుది పోటీలో వారి నెదుర్కొన్నది ఫ్లోరిడా బ్లేజర్స్ అను జట్టు. వీరి సంగతి మరింత దుఃఖకరము. మొదట వాషింగ్టనులో నుండవలసిన జట్టు, నార్‌ఫోక్ అనుకొని, చివరకు ఓర్లాండో చేరినది. అక్కడ వీరికి సుమారు 14 వారములు జీతము లేదు. మూడు నెలలకు పైమాట! శిక్షకుడు జాక్ పార్డీ తానే ఒకప్పుడు గొప్ప ఆటగాడు. క్రీడాకారుల గదిలో మరుగుదొడ్డికి కావలసిన కాగితము సైతము ఆయన తన సొమ్ముతో కొనవలసి వచ్చినదని చెప్పుదురు. ఇట్టి స్థితిలో ఆ జట్టు 14 ఆటలు గెలిచి, 17 ఆటలు గెలిచిన మెంఫిస్ జట్టును దాని స్వస్థలముననే 18-15తో ఓడించినది.

1974 డిసెంబరు 5న బర్మింగ్‌హాములోని లీజియన్ ఫీల్డు మైదానమున తుది పోటీ. దానికి కొలది దినముల ముందు బర్మింగ్‌హామ్ ఆటగాండ్రు బకాయి ఇచ్చిననే గాని సాధన చేయమనిరి. యజమానుడు వారికి జీతము ఇయ్యలేదు. గెలిచినచో ఒక్కొక్కరికి విజేతల ఉంగరము చేయింతునని వాగ్దానము చేసెను! జట్టు ప్రభుత్వమునకు బకాయిపడిన పన్ను రెండు లక్షల డాలర్లకు పైబడినది. టిక్కెట్ల సొమ్ములో తమకు వంతు రావలెనను ఏర్పాటు మీదనే పన్నుల అధికారులు ఆట జరుగనిచ్చిరి. ఆ సంవత్సరపు శ్రేష్ఠులైన ముగ్గురు ఆటగాండ్రకు పంచుటకు 10,000 డాలర్లను రొక్కముగా తెచ్చి అందరికి కనబడునట్లు మైదానములో నుంచిరి. చెక్కును నమ్మువాడు ఆ రాత్రి అక్కడ లేడు.

ఆ సంస్థ నిబంధన ప్రకారము టచ్‌డౌనునకు 7 అంకములు, దాని వెంబడి మరల గీత దాటినచో అదనముగా ఒకటి. బర్మింగ్‌హామ్ 22 చేయువరకు ఫ్లోరిడాకు ఒక్కటియు రాలేదు. తరువాత ఫ్లోరిడావారు విజృంభించి మూడు టచ్‌డౌనులు చేసిరి. మూడు సారులును ఆ అదనపు అంకము కొరకు ప్రయత్నించి విఫలులైరి. 22-21. మూడు నెలలుగా జీతమెరుగని మనుష్యులు ఒక్క అంకములో ఓడిరి.

గెలిచినవారు ఉత్సాహధ్వనులతో లోపలికి రాగా షెరీఫు జవానులు వచ్చి యుండిరి. క్రీడాసామగ్రి అమ్మిన ఒక వ్యాపారికి జట్టు అప్పుపడి యున్నందున, వారి చొక్కాలను, శిరస్త్రాణములను కోర్టు ఉత్తరువు మీద పట్టుకొనిపోయిరి. మరుసటి సంవత్సరము ఆ జట్టు లేదు. దాని స్థానములో వేరొక పేరున జట్టు లేచినది గాని, 1975 అక్టోబరు 22న ఆ సంస్థయే మూతపడెను.

చొక్కాలు ఊడదీసికొనిరనగానే ఒక ప్రసంగీకుడు సిలువయొద్ద వస్త్రములు పంచుకొన్న సంగతికి దూకగలడు. మేము దూకము. ఆ వ్యాపారి అడిగినది తన న్యాయమైన సొమ్ము. అతడును జీతము రాని పనివానివంటివాడే.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. ఆ ఆటగాండ్రు ఆడుట మంచిదా?

లోకన్యాయము తన జవాబు వెంటనే చెప్పినది. కెన్ స్టేబ్లర్ అను పేరుగాంచిన ఆటగాడు మున్ముందు ఈ జట్టులో చేరుదునని 1974లోనే ఒప్పందము వ్రాసి యుండెను. చెల్లింపులు తప్పగా అతడు న్యాయస్థానమునకు పోయి ఆ ఒప్పందమునుండి విడుదల పొందెను. ఒక పక్షమువారు తప్పినచో రెండవ పక్షము స్వతంత్రము. అందులో అధర్మమేమియు మాకు కనబడదు. తనకు నష్టము కలిగినను మాట తప్పనివాడు ప్రభువు గుడారములో నుండునని 15వ కీర్తన చెప్పుచున్నది, నిజమే. అయితే ఎదుటివాడు ధ్వంసము చేసిన నిబంధనకు తానొక్కడే కాపలా యుండుమని ఆ కీర్తన చెప్పుచున్నదని మేము తలంచము. స్టేబ్లరుకు వకీలును పెట్టుకొను స్తోమతు, వేరొక జట్టులో స్థానము ఉండెను. మైదానములో నిలిచినవారిలో అనేకులకు రెండును లేవు. ఆడక మానినచో బకాయి సొమ్మునకు ఆశయే పోవును. ఆడినచో పెద్ద లీగు వారి కంట పడవచ్చును. కాబట్టి వారి ఓర్పునంతటిని పరిశుద్ధతగా వర్ణించుట సత్యము కాదు. అవసరము అనునది మనలో చాలమంది సద్గుణములకు సగము తల్లి.

అయినను సగమే. తక్కిన సగము మమ్మును ఆలోచింపజేయుచున్నది. కాలు లాగుకొని ఆడినచో ఎవరును తప్పు పట్టలేని రాత్రి అది. 22-0 వెనుకబడిన ఫ్లోరిడావారు మిగిలిన సమయమును ఊరక గడిపి ఇంటికి పోవచ్చును. ఎవరి కొరకు వారు లేచిరి? యజమానుని కొరకు కాదు. ప్రక్కన నిలిచినవాడు దెబ్బ తినకుండ కాచుటకు, టిక్కెట్టు కొని వచ్చిన సామాన్యుని మోసగింపకుండుటకు, తాను చిన్ననాట నేర్చిన పనిని పాడుచేయకుండుటకు. పనివానికి అప్పుండునది యజమానునికి ఒక్కనికే కాదు. యజమానుని పద్దు కొట్టివేయబడిన తరువాతను ఈ పద్దులు మిగిలి యుండును.

ఇక్కడ ఆగినచో మా వ్యాసము సుఖముగా ముగియును, యజమానులకు మిక్కిలి ఇష్టముగను ఉండును. చిక్కు ఇక్కడనే యున్నది. అన్యాయస్థుడైన యజమానుడు బ్రదుకునది సరిగా ఈ మిగిలిన పద్దుల మీదనే. తోటివాని మీది ప్రేమ, పని మీది గౌరవము - వీటిని అతడు చక్కగా ఎరుగును. వాటికి వెల కట్టడు గాని వాటి లాభము తీసికొనును. ఉంగరపు వాగ్దానమునకు అర్థమిదియే. ‘మీరు సొమ్ము కొరకు ఆడువారు కారు, కీర్తి కొరకు ఆడువారు’ అని పొగడినచో పిల్లల పాల డబ్బు అడుగుటకు మనుష్యుడు సిగ్గుపడును. సిగ్గుపడవలసినవాడు ఒకడు, సిగ్గుపడువాడు మరియొకడు!

యాకోబు లాబాను కథను ఈ వెలుగులో మరల చదువుడి. ఇరువది యేండ్లు, పగటి ఎండను రాత్రి మంచును ఓర్చి, యాకోబు తన శక్తి కొలది మంద మేపెను. లాబాను పది మారులు జీతము మార్చెను. ఈ భాగమును సేవకుల ఓర్పునకు మాదిరిగా చూపువారు అధ్యాయపు మధ్యనున్న మాటను దాటిపోవుదురు. లాబాను చేయుచున్నదంతయు తాను చూచితిననియు, లేచి వెళ్లుమనియు యాకోబుతో చెప్పినది దేవుడే. నమ్మకముగా పనిచేసినవాడును యాకోబే, దేవుని మాట మీద విడిచి వెళ్లినవాడును యాకోబే, తరువాత కొండమీద మామకు ఎదురుగా నిలిచి పైసతో సహా లెక్క చెప్పినవాడును యాకోబే. ఓర్పు, నిష్క్రమణము, నిందారోపణము - మూడును ఒకే విశ్వాసి చరిత్రలో నున్నవి. (అతడు తోళ్లు చెక్కిన కొమ్మలతో చేసిన పనిని మేము సమర్థింపము. అది వేరు సంగతి.)

అట్లే కొలొస్సయి పత్రిక. దాసులు మనుష్యుల కొరకని గాక ప్రభువు కొరకని పని చేయవలెనని 3వ అధ్యాయపు కడపట నున్నది. యజమానులు న్యాయమైనదియు సమానమైనదియు ఇయ్యవలెను, వారికిని పరలోకమందు యజమానుడున్నాడను మాట 4వ అధ్యాయపు మొదట నున్నది. పౌలు అధ్యాయములు విభజింపలేదు. 13వ శతాబ్దపు ఆరంభమున కాంటర్బరీ ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టను చేసినదని చెప్పబడు విభజన అది. చదువుటకు వీలుగా పెట్టిన ఆ గీత దగ్గర ఎన్ని ప్రసంగములు ఆగిపోయినవో! 3వ అధ్యాయము మీద మేము విన్న ప్రసంగములు లెక్కింపలేము. 4వ అధ్యాయపు మొదటి వచనము మీద విన్నవి ఒక చేతి వ్రేళ్లకు మించవు.

అమెరికావారి జట్టు దూరమున నున్నది గనుక దాని యజమానుని ఖండించుట సులభము. మేము సభ్యులముగా నుండిన ఒక సంఘము సంగతి చెప్పక పోయినచో మా కలము అబద్ధమాడినదగును. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ సంఘమునకు వార్షికోత్సవము వచ్చినది. దేవాలయపు గోపురము ఎత్తు చేయింపవలెనని కమిటీ తీర్మానించెను. తీర్మానమునకు చేయి ఎత్తినవారిలో మేమును ఉంటిమి. ఇటుకకు, ఇనుమునకు, మేస్త్రీలకు సొమ్ము పోగా నెలవారీ పద్దులు నిలిచిపోయినవి. దేవాలయము ఊడ్చి, గంట కొట్టి, రాత్రి కాపలా యుండు పెద్దాయనకు నాలుగు నెలలు జీతము ముట్టలేదు. మేస్త్రీ అరచును గనుక మేస్త్రీకి ఇచ్చితిమి. ఈయన అరవడు. పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని విశాలమైన మేడ కట్టుకొనువానికి శ్రమ అని యిర్మీయా 22వ అధ్యాయములో ఉన్నది. అది రాజైన యెహోయాకీమును గూర్చినదని మేము బైబిలు తరగతిలో చెప్పియు నుంటిమి!

ఒక ఆదివారము ఆరాధన తరువాత ట్రెజరరుగారు, ఏమి మాటలాడవలెనో తోచక కాబోలు, ‘తాతా, నీది దేవుని సేవ. నీకు ప్రతిఫలము పైన ఉన్నది’ అనిరి. పెద్దాయన చేతిలోని చీపురు గోడకు ఆనించి, ‘పైన ఉన్నదని నాకు తెలుసు బాబూ. క్రింద కొట్టువానికి తెలియదు గదా! బియ్యము అరువు ఇయ్యనన్నాడు’ అనెను. కోపముగా అనలేదు. మేము ఆయనను విడిగా, ‘మరి నాలుగు నెలలనుండి గంట ఎందుకు కొట్టుచుంటివి తాతా?’ అని అడిగితిమి. మమ్మును తెలివితక్కువవారిని చూచినట్లు చూచెను. ‘నేను కొట్టకపోతే పేటలో ముసలమ్మలకు వేళ యెట్లా తెలుస్తుందండీ? వాళ్లేమి చేశారు?’ అనెను.

ఆ మాట విన్న తరువాత మా మనస్సులో రెండు తలంపులు పెనగులాడినవి, ఇప్పటికిని పెనగులాడుచున్నవి. ఆయన గంట కొట్టుట మంచిపని. పేటలోని ముసలమ్మలకు ఆయన అప్పు తీర్చెను, వారు ఆయనకు ఏ అపకారమును చేయలేదు. అయితే ఆయన ఒక్క ఆదివారము గంట కొట్టక యున్నచో, ఆ నిశ్శబ్దము మా కమిటీకి నాలుగు నెలలు ముందుగనే ప్రసంగము చేసి యుండును. అట్లు చేసినను ఆయన పాపము చేసెనని మేము అనము. బర్మింగ్‌హామ్ ఆటగాండ్రు సాధన మానిన ఆ కొలది దినములను గూర్చియు మేము అట్లే తలంచుచున్నాము. ఆ దినములలో వారు ఆటను అవమానింపలేదు. యజమానుని మనస్సాక్షికి ఒక అవకాశము ఇచ్చిరి. అతడు దానిని ఉంగరములతో కప్పుకొనెను. పని మానుట, పని చేయుట - ఏది ఎప్పుడు అనునది పనివాడు ప్రార్థనతో తేల్చుకొనవలసినది. దానిని అతనికి బోధించు అధికారము జీతము బకాయిపడినవానికి మాత్రము లేదు. మేము బకాయిపడి యుండినంత కాలము ఆ పెద్దాయనకు కొలొస్సయి పత్రిక చదివి వినిపించు నోరు మాకు లేదు.

ఆ సోమవారమే కమిటీ కూడెను. ఒకరిద్దరు ఉత్సవము ముగిసిన పిమ్మట చూతమనిరి. ఇనుము కొరకు దాచిన సొమ్ములోనుండి నాలుగు నెలల జీతము లెక్కించి, ప్రొద్దు గుంకకముందే ఇద్దరు పెద్దలు ఆయన ఇంటికి తీసికొని పోయిరి. ఆయన రెండు మారులు లెక్క పెట్టుకొని, తాను మనుమరాలి పెండ్లికి వెళ్లిన మూడు దినముల కూలి తీసివేయలేదేమని అడిగెను. పెద్దలు ఉంచుకొమ్మనిరి. నెల మొదటి వారములో జీతములు ముట్టిన పిమ్మటనే వేరే చెల్లింపు చేయవలెనని మినిట్సు పుస్తకములో వ్రాసికొంటిమి. ఉత్సవము నాటికి గోపురము పూర్తి కాలేదు. పైభాగమున ఇటుకలు బయటికి కనబడుచునే యుండగా బిషప్పుగారు వచ్చి ప్రార్థన చేసిరి. దాని కారణము ఆయనకు ఎవరును చెప్పలేదు, ఆయనయు అడుగలేదు.